సింహాలు చేసిన చిత్రకారుడు



పిల్లల్ని చూడటానికి లండన్ వెళ్లివచ్చిన వారికి ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగు కంచు సింహాలు గుర్తుండే ఉంటాయి. వాటిని చేసిన సర్ ఎడ్విన్ ల్యాండ్‌సీర్ వృత్తిరీత్యా శిల్పి కాదు, జంతువుల బొమ్మలు వేసే చిత్రకారుడు. 1802లో పుట్టాడు. పదమూడో ఏటనే రాయల్ అకాడమీ ప్రదర్శనకెక్కాడు. విక్టోరియా రాణి తన పెంపుడు జంతువుల బొమ్మలు అతని చేత వేయించుకునేది.

అంత పేరున్నవాడికి 1840లో మనసు దెబ్బతిన్నది. ఆ బాధ చివరిదాకా వదల్లేదు. 1858లో అప్పగించిన సింహాల పని 1867కి గాని పూర్తికాలేదు. అప్పటికతనికి అరవై నాలుగేళ్లు. మనమైతే రిటైరై కూర్చునే వయసు! నమూనాకు తెచ్చిన చచ్చిన సింహం మధ్యలోనే కుళ్లిపోయిందట. పంజాలు కుక్క పాదాల్లా ఉన్నాయని ఇప్పటికీ వంకపెడతారు. పెట్టనివ్వండి.

నాకు మాత్రం 1837లో వేసిన ఒక చిత్రమే ఎక్కువ. ముసలి గొర్రెల కాపరి పోయాడు. గదిలో మనిషన్నవాడు లేడు. కళ్లజోడు బల్లమీద, చేతికర్ర నేలమీద ఉన్నాయి. శవపేటికకు గడ్డం ఆనించి అతని కుక్క ఒక్కటే కూర్చుంది. ఒంటరితనం తెలిసినవాడే వేయగల బొమ్మ అది.

1873లో ల్యాండ్‌సీర్ కన్నుమూసినప్పుడు లండన్ వాసులు ఆ కంచు సింహాలకు పూలదండలు వేశారు.