పాలారు ఒడ్డున ఒక సెలవురోజు



వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో కాపురముంటున్న మన తెలుగువారి పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చుకుంటారు. ఒక సెలవునాడు పులిహోర పొట్లాలు కట్టుకుని వారిని పాలారు ఇసుకకు తీసుకువెళ్ళండి.

వారు 'పాలారు' అంటే మనకు 'పాలేరు'. పాలు రెండు భాషల్లోనూ పాలే. కర్ణాటకలో నందికొండల ప్రాంతాన పుట్టి, చిత్తూరు జిల్లా దాటి ఇక్కడికి వస్తుంది. గుడియాత్తం మీదుగా పారే కౌండిన్య కూడా పలమనేరు వైపు నుంచి వచ్చి ఇందులోనే కలుస్తుంది.

ఏడాదిలో చాలాకాలం ఏటినిండా ఇసుకే. చెలమ తవ్వితే నీరు ఊరేది. మనకు ఊట, వారికి ఊట్రు. ఇసుక తవ్వకాలు, తోళ్ళ పరిశ్రమల మురుగు ఆ ఊటను చెరిచాయి. చెరిచినవారే నష్టం భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025లో ఇదే ఏటిపై మళ్ళీ తీర్పు చెప్పవలసి వచ్చింది.

కనుక తాగే నీళ్ళు ఇంటినుంచే తీసుకువెళ్ళండి. ఇసుక తోడిన గుంటల్లోకి పిల్లలను దిగనివ్వకండి. 2021 నవంబరులో ఈ రెండు ఏళ్ళూ పొంగి ఒడ్డు ఇళ్ళను ముంచాయి. ఎగువన వాన కురిస్తే ప్రయాణం మానుకోండి.

ఏటి నీళ్ళు ఎందుకు తాగకూడదని పిల్లలు అడుగుతారు. దాచకుండా చెప్పండి. రేపు ఈ ఏరు వారిదే.