పరాయి నేలపై మన కార్యాలయం

విద్యార్థులారా! విదేశంలో ఉన్న మన దౌత్య కార్యాలయం భారత భూభాగమేనా? చాలామంది అవుననే అనుకుంటారు. కాని అది సరికాదు. లండన్‌లోని 'ఇండియా హౌస్'ను ఉదాహరణగా తీసుకుని ఈ విషయం తెలుసుకుందాం.

లండన్ నడిబొడ్డున, ఆల్డ్‌విచ్ అనే వీధిలో ఉన్న ఈ భవనాన్ని 1930 జూలై 8న అయిదవ జార్జి చక్రవర్తి ప్రారంభించాడు. దీని వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్. న్యూఢిల్లీలోని సెక్రటేరియట్ భవనాలను రూపొందించినది కూడా ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక వి.కె. కృష్ణమీనన్ మన తొలి హైకమిషనర్‌గా ఇక్కడ పనిచేశారు. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకునే రాయబారిని హైకమిషనర్ అంటారు.

ఈ భవనం నిలిచిన నేల బ్రిటన్‌దే. అక్కడ నేరం జరిగితే అది బ్రిటన్‌లో జరిగినట్లే. మరి మన అధికారులకు రక్షణ ఎక్కడిది? 1961 నాటి వియన్నా ఒడంబడిక ఆ రక్షణ కల్పిస్తోంది. మన పార్లమెంటు 1972లో చట్టం చేసి దీనికి మన దేశంలో చట్టబలం ఇచ్చింది.

ఒడంబడికలోని 22వ అధికరణంలో రెండు ముఖ్యాంశాలున్నాయి.

మొదటిది, కార్యాలయాధిపతి అనుమతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసులు లోపలికి అడుగుపెట్టరాదు. 1984 ఏప్రిల్ 17న లండన్‌లోని లిబియా దౌత్య కార్యాలయం నుంచి, బయట ప్రదర్శన చేస్తున్నవారిపై కాల్పులు జరిగాయి. అక్కడ విధుల్లో ఉన్న వైవోన్ ఫ్లెచర్ అనే మహిళా కానిస్టేబుల్ మరణించింది. అయినా పోలీసులు లోపలికి వెళ్లలేదు. భవనాన్ని చుట్టుముట్టి కాపు కాశారు. బ్రిటన్ లిబియాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. లోపలివారిని ఏప్రిల్ 27న దేశం నుంచి పంపించివేసింది. నియమానికి కట్టుబడినందుకు బ్రిటన్ చెల్లించిన మూల్యం అది.

రెండవది, కార్యాలయాన్ని దాడుల నుంచి కాపాడటం ఆతిథ్య దేశపు బాధ్యత. 2023 మార్చి 19న కొందరు నిరసనకారులు ఇండియా హౌస్‌పై ఉన్న మన జెండాను కిందికి లాగారు. ఆ రాత్రే మన ప్రభుత్వం ఢిల్లీలోని బ్రిటిష్ దౌత్యాధికారిని పిలిపించి, భద్రత ఏమైందని సంజాయిషీ అడిగింది. అలా అడిగే హక్కు ఈ అధికరణం నుంచే వచ్చింది.

బ్రిటన్ హైకమిషన్ ఢిల్లీలోని చాణక్యపురిలో ఉంది. దాన్ని కాపాడే బాధ్యత మనది. ఒక దేశం మాట తప్పితే రెండవ దేశంలో దాని సిబ్బందికీ ముప్పు రావచ్చు. అందుకే శత్రుదేశాలు సైతం సాధారణంగా ఈ నియమాన్ని పాటిస్తాయి.

చివరగా ఒక ప్రశ్న. 1984లో పోలీసులు లోపలికి చొరబడి ఉంటే, లిబియాలో ఉన్న బ్రిటిష్ దౌత్య సిబ్బంది పరిస్థితి ఏమై ఉండేది? మీ తరగతిలో చర్చించండి.