పాచికల ఆటలో దేవతల పద్దు



ఈ రజతోత్సవ సభలో నేను భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ముచ్చటింతునని మీరు తలంచియుందురు. నా కోరికయు నదియే. కాని గడచిన వేసవిలో మన పఠనమందిరమున జరిగిన తగవు మీలో పెక్కుమందికి తెలియును. అందు నా పాలును కలదు గనుక ఆ సంగతియే మనవి చేసికొందును.

నా మేనల్లుడు సెలవులకు వచ్చి, నలుగురు పిల్లలను చేర్చుకొని, సాయంకాలములందు మన వరండాలో ఒక ఆట మొదలుపెట్టెను. పటము లేదు, కాయలు లేవు. కాగితములు, పెన్సిళ్లు, నాలుగు మొదలు ఇరువది ముఖముల వరకు గల పాచికలు మాత్రమే. ఒకడు సూత్రధారుడై కథ నడుపును. తక్కినవారు వీరులుగను, మాంత్రికులుగను, పూజారులుగను తమ పాత్ర ఏమి చేయునో చెప్పుదురు. ఫలితమును పాచిక నిర్ణయించును. దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో దీనిని వెలువరించిరి.

తగవు ఆటవలన రాలేదు, ఆ పిల్లవాడు తెచ్చిన గ్రంథమువలన వచ్చినది. 1980లో అచ్చయిన ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ అను ఆ పుస్తకమున గ్రీకుల జ్యూస్, ఉత్తరదేశీయుల ఓడిన్ మొదలగు వారితోబాటు మన ఇంద్రుడు, అగ్ని, యముడు కూడ కలరు. ప్రతి దేవతకును ప్రాణసంఖ్య కలదు. జ్యూస్‌కు అది నాలుగువందలు. దెబ్బ తగిలినప్పుడెల్ల తగ్గును. సున్న అయినచో సరి! పెద్దలొకరు దానిని చూచి, ‘దేవతలను జూదమున కొడ్డితిరా?’ అని కేకలు వేసిరి. నేను కార్యవర్గ సభ్యుడను గనుక పుస్తకమును పుచ్చుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. పిల్లలు మారు పలుకలేదు. వారు ఎదురాడియుండినచో నా మనస్సు అంత కలత చెందెడిది కాదేమో.

మా తండ్రిగారు కరణము. 1984లో ఆ ఉద్యోగములు రద్దగువరకు ఈ ఊరి లెక్కలు వ్రాసిరి. చదువనిదే చేవ్రాలు చేయరాదని ఆయన నాకు నేర్పిన మొదటి పాఠము. నేను చదువకయే తాళము వేసితిని. కావున ఆ పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి, నిఘంటువు ప్రక్కన నుంచుకొని మూడు రాత్రులు చదివితిని. ఆ జాతి గ్రంథములు మరికొన్నిటిని మేనల్లుడు చూపెను.

ఈ సంఖ్యలు మొదట పుట్టుటకు కారణము విచిత్రమైనది. 1976లో రాబర్ట్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ అనువారు ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. ఆటగాండ్రు కొందరు తమ పాత్రలను మితిమీరి పెంచి విఱ్ఱవీగుచుండగా, దేవతల బలమెంతటిదో చూపి వారిని వెనుకకు లాగవలెనని ప్రకాశకుల యాశ. కాని, అయ్యా, ఒక అంకె వ్రాసితిమేని దానిని తగ్గింపవచ్చునను దురాశ పుట్టక మానునా? బాకీ ఎంతయో తెలిసినచో తీర్చెద ననువాడు బయలుదేరును. ఇచ్చట నాకు మరియొక అభ్యంతరము కలదు. వ్రాసినవారు తమ ఇరుగుపొరుగున కొలువబడు క్రైస్తవదేవునికి అంకె వేయలేదు. నేటికిని దీపము వెలుగుచున్న మన దేవతలకు వేసిరి. ఈ మాట మేనల్లునితో నన్నప్పుడు వాడును కాదనలేదు.

అయినను నిషేధింపదగిన గ్రంథమని నేను తేల్చలేకపోతిని. ఏలయన ఆ నియమములలో నాకు తెలిసిన లోకమే కనబడెను. 1979నాటి గైగాక్స్ గ్రంథమున పూజారి మంత్రములకు మూడు అంతరువులు. మొదటి రెండు తరగతుల మంత్రములు తన శిక్షణవలననే వచ్చును. మూడు మొదలు ఐదు వరకు దేవత పరివారము ననుగ్రహింపజేయవలెను. ఆఱు, ఏడు తరగతులకు దేవతయే స్వయముగా ఇయ్యవలెను. అచ్చముగా కచేరీ నడవడియే! 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అను వేరొక ఆటలో దేవుని రమ్మని వేడినవాడు నూటి పాచిక వేయును. తన ఆత్మశక్తి పదుమూడైనచో, పదుమూడుగాని అంతకు లోపుగాని పడినప్పుడే దేవుడు పలుకును. పడినంత అంకె ఆత్మశక్తినుండి తఱుగును. నాలుగు పడినచో తొమ్మిది మిగులును. సరిగా పదుమూడే పడినచో కోరిక నెఱవేరును గాని భక్తుని ఆత్మ దేవునిలో కలిసిపోవును. ఇది చదివి నేను చాలసేపు పుస్తకము మూసికొని కూర్చుంటిని.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014నాటి కూర్పులో పదవ అంతస్తు పూజారికి దేవుడు పలుకుటకు నూటికి పది వంతులు అవకాశము. పలికెనా, మరి యేడు దినములు పిలువరాదు. 2024లో సవరించి పాచికనే తీసివేసిరి; పిలిచిన వెంటనే ఐదవ తరగతి వరకు గల మంత్రమొకటి ఫలించును. ఆటకు వేగము వచ్చియుండవచ్చును. నాకు మాత్రము పాతదే రుచించినది. పలుకుట నిశ్చయమైన దేవుడు బ్యాంకు ఖాతా వంటివాడు.

దేవతలకు నియమములా యని కోపించిన పెద్దలకు నేను చేసిన మనవి యొక్కటే. మన పురాణములు నియమములు లేనివా? నలుని ఆవేశింపదలచిన కలి, శౌచమున లోపము దొరకువరకు పండ్రెండేండ్లు కాచుకొనియుండవలసి వచ్చెను. ద్వాపరుడు దూరినది పాచికలలోనే కదా! హిరణ్యకశిపుని వరము దస్తావేజు వంటిది. లోపల గాదు, వెలుపల గాదు. పగలు గాదు, రాత్రి గాదు. శ్రీహరి ఆ షరతులను ఒక్కటియు మీఱక, గడపపై, సంధ్యవేళ, గోళ్లతో పని ముగించెను. వరమిచ్చిన మాట దేవునిచేతనైనను చెల్లవలెనని పోతన్నగారిని చదివిన మనకు వేఱుగ చెప్పవలెనా?

తాళము తీసితిని. పుస్తకమును పిల్లలకిచ్చి, చదువక దాచితినని ఒప్పుకొంటిని. ఆ పెద్దలు నేటికిని సమాధానపడలేదు. వారి మాటలోను న్యాయము కలదు.

కొన్నాళ్లకు పిల్లలు మన ఊరినే కథాస్థలముగా చేసికొని, చెఱువు, మఱ్ఱిచెట్టు, రథపుశాల అన్నియు ఒక నోటుపుస్తకమున ఎక్కించిరి. మేనల్లుడు నాయొద్దకు వచ్చి, ‘మామయ్యా, పోలేరమ్మకు ప్రాణసంఖ్య ఎంత వేయమందురు?’ అని యడిగెను. ముప్పదియేండ్లుగా సహకార సంఘపు లెక్కలలో ఒక్క గడియు ఖాళీగా వదలనివాడను. ‘ఆ గడి ఖాళీగా ఉంచుము’ అంటిని. వాడు ఒక్క క్షణము నా ముఖము చూచి, పెన్సిలు క్రింద పెట్టెను. ఆ పుస్తకము మన రెండవ బీరువాలో క్రింది అరలో ఉన్నది. గడి నేటికిని ఖాళీగానే యున్నది.