పిల్ల నోట్లో మాట ఉంది, ట్యాబ్‌లో లేదు

(తండా, గూడెం యువతతో మాట్లాడిన మాటల పాఠం)

 

టెక్నాలజీతో భాష నేర్పడం గురించి చెప్పమన్నారు. మిరప కోతలు నడుస్తున్న రోజులివి. ఒక పూట కూలి వదులుకుని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకని సూటిగానే చెబుతాను.

2022 డిసెంబర్ 21న మన పక్కనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. ఆ విడతలో పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైనే ఇచ్చారు. అందులో బైజూస్ పాఠాలు పెట్టారు. అంతకు రెండేళ్ల ముందే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. ఇంగ్లీషు అర్థం కాకపోతే పిల్ల పక్క పేజీ చూసుకుంటుందని వాళ్ల లెక్క. గుంటూరు టౌన్లో తెలుగు మాట్లాడే ఇంటి పిల్లకు ఆ లెక్క సరిపోతుంది. బొల్లాపల్లి తండా పిల్లకు? తెలుగు పేజీ రెండో భాష, ఇంగ్లీషు పేజీ మూడో భాష. ఇంట్లో మాట్లాడే గోర్ బోలికి పేజీయే లేదు. ట్యాబ్‌లోనూ లేదు.

ఇంకో మాట. ఆ ట్యాబ్ ఎనిమిదో తరగతిలో వచ్చింది. మన పిల్ల భాష దగ్గర ఆగిపోయేది ఒకటో తరగతిలో. 'యాడి', 'బాటి', 'పాణి' అని పలికే ఆరేళ్ల పిల్ల బడికి వెళ్తే అక్కడ అమ్మ, రొట్టె, నీళ్లు అంటారు. ఏమంటున్నారో తెలియక నోరు మూసుకుంటుంది. రెండేళ్లు అలా కూర్చున్న పిల్ల ఎనిమిదో తరగతి దాకా వస్తేనే గొప్ప. చాలామంది ఆ లోపే పత్తి చేలో తేలతారు.

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పాలి, విసుక్కోకండి. గోర్ బోలిలో ప్రాణం లేని వస్తువుకు కూడా ఆడా మగా ఉంటుంది. క్రియ దాని వెంట నడుస్తుంది. 'ఛోరా ఆయో, ఛోరి ఆయి' అంటాం. తెలుగులో అక్క వచ్చింది, బండి వచ్చింది, వాన వచ్చింది, అన్నిటికీ ఒకటే. అన్న ఒక్కడే 'వచ్చాడు'. గోర్ బోలి పద్ధతిని పిల్ల తెలుగుకు అంటిస్తే తప్పు వస్తుంది. అది తెలివితక్కువ కాదు. ఆ పిల్ల బుర్రలో ఒక వ్యాకరణం గట్టిగా ఉందన్నదానికి అదే గుర్తు. ఇది తెలిసిన టీచర్ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. తెలియని టీచర్ నవ్వుతాడు, క్లాసంతా నవ్వుతుంది, పిల్ల మళ్లీ నోరు విప్పదు.

ఎరుకల ఇళ్లలో మాట్లాడే కుర్రు భాష తమిళానికి దగ్గర, అక్కడా ఇదే కథ. చెంచు పిల్ల ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. కానీ పుస్తకం తెలుగు వేరు, నల్లమల తెలుగు వేరు. 'తెలుగోళ్లే కదా, వీళ్లకేంటి కష్టం' అని ఎవరూ పట్టించుకోరు.

మరి హక్కు లేదా అంటే ఉంది. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కోసం ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. వీలైనంత వరకు బోధన మాతృభాషలోనే ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియాతో పాటు బంజారా కూడా అందులో ఉంది. మీలో ఎంతమంది ఆ బంజారా వాచకం చూశారు? చేతులెత్తండి.

అదీ సంగతి. మన గుంటూరు, ప్రకాశం తండాలు, గూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, దాని మీద మన వాళ్లు ఇప్పటికీ పోరాడుతున్నారు. మనకైతే ఆ జీవో ఎప్పుడూ వర్తించనే లేదు. పిల్ల భాష తెలిసిన టీచర్ దొరికితే అదృష్టం, అంతే.

ఇప్పుడు టెక్నాలజీ. కంపెనీలూ ప్రభుత్వాలూ ఏ భాషకు యంత్రం తయారుచేస్తాయి? ఎక్కువమంది మాట్లాడేదానికి, ఎక్కువ రాత, ఎక్కువ రికార్డింగులు ఉన్నదానికి. 2011 జనాభా లెక్కల్లో లమాణీ, లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32,76,548 మంది. ఈ అంకె ఎక్కడుందో తెలుసా? హిందీ కింద. మన తండాలో హిందీ మాట్లాడే ముసలమ్మ ఒక్కతి కూడా ఉండదు, లెక్కల్లో మాత్రం ఆమెది హిందీ! ఇక మన భాషకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలని ఢిల్లీలో ఎవరికి తడుతుంది?

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే అనువాద యాప్ తెచ్చింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి నడిపింది, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. మొదట సంతాలి, భీలీ, ముండారి, గోండి భాషలు పెట్టారు. మంచి పని, కాదనను. గోర్ బోలి ఆ మొదటి వరసలో లేదు. అడగకుండా రాదు కూడా.

మరి అప్పటిదాకా ఖాళీగా కూర్చోవాలా? గోండి వాళ్లు కూర్చోలేదు. మధ్య భారతంలో 2010 నుంచి సీజీనెట్ స్వర నడిచింది. జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టారు. మామూలు బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి ఊరి సమస్య చెప్పి రికార్డు చేయొచ్చు, గోండిలోనే. రాత అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మనకూ ఇదే దారి అని నా అభిప్రాయం. గోర్ బోలిని ఆంధ్రలో తెలుగు లిపిలో రాస్తాం, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో. లిపి గొడవ తేలేదాకా ఆగితే ఇప్పుడున్న పిల్లలు పెద్దవాళ్లైపోతారు. గొంతుకు లిపి గొడవ లేదు.

మీ చేతిలో ఫోన్ ఉంది. ఒకటో తరగతి తెలుగు వాచకంలో ఒక పాఠం తీసుకోండి. ముందు గోర్ బోలిలో కథలాగా చెప్పండి, తర్వాత తెలుగు వాక్యం నెమ్మదిగా చదవండి, మళ్లీ గోర్ బోలిలో అర్థం. మూడు నిమిషాలు దాటనివ్వకండి. బొమ్మల కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటిని ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు. నెట్ బ్యాలెన్స్ అయిపోయే ఇళ్లు మనవి, కాబట్టి మెమొరీ కార్డులో వేసివ్వండి. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది నాన్న జేబులో చేలోకి పోతుంది. రాత్రి అన్నం తిన్నాక వినిపించేలా పెట్టుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అమ్మానాన్నలతో వలస పోయే పిల్లలకు ఇది ఇంకా అవసరం. కల్లం పక్కన తాలు కాయలు ఏరుతున్న పిల్లకు కూడా ఒక పాఠం చెవిన పడుతుంది.

యాప్‌లు వద్దని నేననడం లేదు. గూగుల్ రీడ్ అలాంగ్ లాంటివి పిల్ల తెలుగు చదువుతుంటే వింటాయి, తప్పు చదివితే చెబుతాయి. నవ్వవు. పదిసార్లు తప్పు చదివినా విసుక్కోవు. క్లాసులో నోరు విప్పని పిల్ల ఫోన్‌కి గట్టిగా చదువుతుంది. రెండో భాష నేర్చుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద సాయం. కానీ చదివినదానికి అర్థమేంటో పిల్లకు తన భాషలో చెప్పేవాళ్లు పక్కన కావాలి. అది లేకపోతే 'అరక' అని చక్కగా పలుకుతుంది, అదేంటో తెలియదు. అరక మాత్రం రోజూ వాళ్ల చేలోనే ఉంటుంది.

తెలుగు వద్దు, ఇంగ్లీషు వద్దు అనేవాళ్ల మాట కూడా వినకండి. మిర్చి యార్డు చీటీ, మేస్త్రీ లెక్క, అటవీ హక్కుల దరఖాస్తు అన్నీ తెలుగులోనే ఉంటాయి. చదవలేకపోతే మోసపోయేది మనమే. ఇంగ్లీషు లేకపోతే ఉద్యోగం పరీక్ష దగ్గర ఆగిపోతాం. రెండూ కావాలి. ఆ రెండూ ఎక్కాల్సిన మెట్టు ఇంటి భాష.

ఒక జాగ్రత్త. అవ్వల పాటలు, కథలు రికార్డు చేసేటప్పుడు అడిగి చేయండి. ఎక్కడ పెడతారో చెప్పండి. రేపు ఏదో కంపెనీ వచ్చి 'మీ గొంతులు ఇవ్వండి, యాప్ చేస్తాం' అంటే, ఆ యాప్ మన పిల్లలకు ఉచితమా, రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి, కాగితం మీద రాసిస్తారా అని అడగండి. భూమి కాగితాల దగ్గర మనం పడ్డ పాట్లు చాలు.

ఇక ఈ నెల పని. ప్రతి తండా నుంచి ఇద్దరు, ఒకటో తరగతి తెలుగు వాచకంలో మొదటి ఐదు పాఠాలు. చెంచు గూడేల వాళ్లు పుస్తకం మాటకు పక్కన మీ మాట పెట్టండి, ఎరుకల వాళ్లు కుర్రులో చేయండి. మండల విద్యాధికారికి ఇచ్చే వినతిపత్రంలో రెండే కోరికలు పెట్టాం: ఒకటీ రెండు తరగతులకు పిల్ల భాష వచ్చిన వాలంటీర్, బడి ట్యాబ్‌లో, టీవీలో మన ఆడియో పెట్టుకునే అనుమతి. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల వాళ్లు ఇంటికొస్తారు. మాతృభాష ఏమిటని అడిగితే గోర్ బోలి, లంబాడీ అనే రాయించండి. ఎన్యూమరేటర్ ఏం నొక్కాడో ఫోన్ స్క్రీన్ చూసి మరీ పంపించండి.