మిసిసిపీ విశ్వవిద్యాలయము - దాని పూర్వచిహ్నములు

అమెరికా దేశపు దక్షిణ భాగమున, మిసిసిపీ రాష్ట్రములో ఆక్స్‌ఫర్డ్ అను చిన్న పట్టణము కలదు. తమ ఊరికి ఒక విశ్వవిద్యాలయము రావలెనను ఆశతోనే ఆ ఊరివారు ఇంగ్లండులోని విద్యాపీఠము పేరును తమ ఊరికి పెట్టుకొనిరి. వారి ఆశ నెరవేరినది. 1844లో రాష్ట్ర శాసనసభ అనుమతి నొసగగా, 1848లో మిసిసిపీ విశ్వవిద్యాలయమున పాఠములు ప్రారంభమైనవి. నోబెల్ బహుమానమందిన నవలాకారుడు విలియం ఫాక్‌నర్ నివసించిన ఊరు కూడ ఇదియే. కాని నేడు మేము చెప్పదలచినది సాహిత్య విషయము కాదు. ఒక విద్యాసంస్థ తన జెండాను, తన పాటను, తన ముంగిటి రాతిబొమ్మను, తుదకు తన పేరును గూర్చి అరువది ఏండ్లకు పైగా తనలో తాను పడిన పెనుగులాట మా ప్రసంగ విషయము.

మొదట భవనముల సంగతి. ఆవరణ నడుమ లైసియం అను తెల్లని స్తంభముల మందిరమున్నది. విశ్వవిద్యాలయమునకు అదియే ముఖము వంటిది. దానిని, దాని చుట్టునున్న తొలి కట్టడములను నిర్మించిన చేతులలో బానిసల చేతులు కలవు. విద్యార్థులకు నీరు మోసి, కట్టెలు కొట్టి, గదులు ఊడ్చినవారును బానిసలే. 1859లో జరిగిన ఒక సంఘటన ఆ దినముల తీరును తెలుపును. అప్పటి అధ్యక్షుడు ఫ్రెడరిక్ బర్నార్డ్ ఇంట జేన్ అను బానిస స్త్రీ యుండెను. ఒక విద్యార్థి ఆమెపై దౌర్జన్యము చేసి గాయపరచెను. బర్నార్డ్ ఆమె చెప్పిన మాట నమ్మి ఆ విద్యార్థిని సంస్థ నుండి పంపివేసెను. అంతట తప్పు విద్యార్థిది కాక బర్నార్డ్‌దే అయినది! తెల్లవానికి ప్రతికూలముగా బానిస సాక్ష్యము నెట్లు గ్రహించితివని విచారణ సాగినది. 1860లో ధర్మకర్తల మండలి యెదుట ఆయన, తాను కూడ బానిసలు గలవాడనేయని చెప్పుకొని, నిర్దోషిగా బయటపడెను. జేన్‌కు జరిగినదానిని గూర్చి ఆ విచారణలో ఎవరికిని అంతగా పట్టలేదు. పిమ్మట బర్నార్డ్ ఉత్తరాదికి పోయి కొలంబియా కళాశాలకు అధ్యక్షుడయ్యెను. న్యూయార్కు నగరమున స్త్రీలకొరకు వెలసిన బర్నార్డ్ కళాశాల ఆయన పేరిటిదే.

1861లో దక్షిణ రాష్ట్రములు వేరుపడి కాన్ఫెడరసీయను సమాఖ్యగా ఏర్పడి యుద్ధమునకు దిగినప్పుడు, విద్యార్థులు యూనివర్సిటీ గ్రేస్ అను దళముగా కూడి సైన్యమున చేరిరి. ఆ శరత్కాలమున పాఠములకు వచ్చినవారు నలుగురే. సంస్థ మూతపడి, మందిరములు సైనిక వైద్యశాలలైనవి. 1863 జూలై 3వ తేదీన గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో జరిగిన కడపటి ముట్టడిలో పాల్గొనిన గ్రేస్ దళమువారిలో చావకయు, గాయపడకయు, పట్టుబడకయు తిరిగివచ్చినవాడు ఒక్కడును లేడని చెప్పుదురు. ఇరువది ఏండ్లు నిండీ నిండని పిల్లలు. వారు ఏ పక్షమున పోరాడినను, కన్నతల్లులకు కలిగిన కడుపుకోత నిజమైనదే. దానిని తక్కువచేసి మాటాడుట మా ఉద్దేశము కాదు.

అయినను, ఇచ్చట శ్రోతలు కొన్ని సంవత్సరములను గమనింపవలెను. యుద్ధము 1865లో ముగిసినది. ఆవరణ ముంగిట కాన్ఫెడరేట్ సైనికుని రాతిబొమ్మ వెలసినది 1906లో. అనగా నలువది ఏండ్లు గడచిన పిమ్మట. ఆ నడుమ 1890లో మిసిసిపీ రాష్ట్రము క్రొత్త రాజ్యాంగము వ్రాసికొని నల్లజాతివారి వోటుహక్కును ఊడబెరికినది. ఆటలజట్టుకు రెబెల్స్, అనగా తిరుగుబాటుదారులు, అను పేరు వచ్చినది 1936లో. పెద్దటోపీ, తెల్లమీసములు గల తోటయజమాని రూపమున కర్నల్ రెబెల్ అను బొమ్మ ఆ తరువాతిది. ఇక ఆటస్థలమున వేలకొలది కాన్ఫెడరేట్ జెండాలు ఊపు ఆచారము 1948 ప్రాంతమున మొదలైనది. ఆ యేట అధ్యక్షుడు ట్రూమన్ పౌరహక్కుల విధానమునకు కోపించి మిసిసిపీ ప్రతినిధులు డెమోక్రాటిక్ పార్టీ మహాసభ నుండి లేచిపోయిరి. తాతల నాటిదని చెప్పబడిన ఆచారము తండ్రుల నాటిదియు, ఒకానొక రాజకీయ కోపమునుండి పుట్టినదియు అని దీనివలన తేలుచున్నది.

పేరు సంగతి మరింత వింతైనది. ఈ విశ్వవిద్యాలయమును అందరును ఓల్ మిస్ అందురు. మిసిసిపీ అను మాటకు అది ముద్దుపేరని చాలమంది తలతురు. 1896లో విద్యార్థులు తమ వార్షిక సంచికకు పేరు వెదకుచుండగా ఒక యువతి సూచించిన పేరది. తోటలలోని బానిసలు ఇంటి యజమానురాలిని పిలుచు పిలుపు అది. మన భాషలో చెప్పవలెనన్న, పెద్ద దొరసాని. ఆ పిలుపులో చనవెంత, భయమెంత యను ప్రశ్నకు జవాబు, పిలిచినవాడెవడు, విన్నవాడెవడు అనుదానిని బట్టి మారును.

ఇట్టి స్థలమునకు 1961 జనవరిలో జేమ్స్ మెరెడిత్ అను నల్లజాతి యువకుడు ప్రవేశము కోరుచు దరఖాస్తు పంపెను. ఆయన తొమ్మిదేండ్లు అమెరికా వైమానికదళమున పనిచేసి వచ్చినవాడు. జాన్ కెనెడీ అధ్యక్షపదవి స్వీకరించిన మరునాడే ఆయన ఈ పనికి పూనుకొనెను. అంతకుముందు 1954లో మెడ్గర్ ఎవర్స్ ఇదే సంస్థ న్యాయశాస్త్ర శాఖలో చేరగోరి తిరస్కరింపబడెను. ఆ ఎవర్స్ ఇప్పుడు మెరెడిత్‌కు అండగా నిలిచెను. కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ అను న్యాయవాదిని ఆయన పక్షమున వాదించెను. మెరెడిత్‌ను చేర్చుకొనవలెనని 1962లో న్యాయస్థానములు శాసించినవి. గవర్నరు రాస్ బార్నెట్ స్వయముగా ఎదురు నిలిచి అడ్డగించెను. సెప్టెంబరు 29వ తేదీ రాత్రి జాక్సన్ నగరపు ఆటస్థలమున, ఆట నడుమ, జెండాల సముద్రము ఎదుట నిలిచి ఆయన మిసిసిపీపై తనకు గల ప్రేమను చాటెను. తెరచాటున మాత్రము వాషింగ్టనుతో టెలిఫోనుపై బేరమాడుచుండెను.

మరునాటి సాయంకాలము ఫెడరల్ మార్షల్సు లైసియం చుట్టును నిలిచిరి. మూక పెరిగినది. రాళ్లు, సీసాలు, పిమ్మట తుపాకులు. అధ్యక్షుడు కెనెడీ టెలివిజనులో శాంతివచనములు పలుకుచుండగనే ఆక్స్‌ఫర్డులో బాష్పవాయువు కమ్ముకొన్నది. ఆ రాత్రి ఈ రాతి సైనికుని పీఠమే రంగస్థలమైనది. మూకను ఉద్దేశించి మాజీ సేనాపతి ఎడ్విన్ వాకర్ దానిపైకెక్కి ప్రసంగించెను. ఆ ఊరి చర్చి గురువు డంకన్ గ్రే దానిపైకెక్కి, ఇండ్లకు పొండని ప్రాధేయపడెను. ఆయనను క్రిందికి లాగి కొట్టిరి. తెల్లవారునప్పటికి ఇద్దరు మరణించిరి. ఒకరు పాల్ గియార్ అను ఫ్రెంచి పత్రికావిలేఖరి, రెండవవారు చూచుటకు వచ్చిన రే గంటర్ అను స్థానికుడు. మార్షల్సులో 160 మందికి పైగా గాయపడిరి, వారిలో 28 మందికి తగిలినవి తుపాకి గుండ్లు. వేలకొలది సైనికులు దిగిరి. అక్టోబరు 1వ తేదీ ఉదయమున మెరెడిత్ తన పేరు నమోదు చేయించుకొని తరగతికి పోయెను. మొదటి పాఠము అమెరికా దేశచరిత్ర.

ఈ గాథ ఇచ్చటితో ముగిసినట్లు చెప్పువారు కలరు. మాకు అట్లు తోచదు. ఒక్క విద్యార్థిని చేర్చుకొనుటకు ఒక్క రాత్రి, ఒక సైన్యము చాలినవి. తరువాతి దినముల సంగతి వేరు. విద్యార్థి వసతిగృహమున ఆయన గదికి పై అంతస్తున కొందరు రాత్రులందు నిద్రపట్టనీయక నేలపై బంతులు కొట్టుచుండిరి. భోజనశాలలో ఆయన ప్రక్కన కూర్చున్నవారికి వేధింపులు తప్పలేదు. 1963 జూన్‌లో మెడ్గర్ ఎవర్స్ తన ఇంటి ముంగిట హత్య చేయబడెను. ఆగస్టు 18వ తేదీన మెరెడిత్ పట్టభద్రుడయ్యెను. ఎన్నటికిని కాదు అను అర్థముగల బిళ్లను గవర్నరు పక్షమువారు ధరించుచుండెడివారు. పట్టప్రదానమునాడు మెరెడిత్ ఆ బిళ్లనే తలక్రిందులుగా ధరించి వచ్చెనట!

నల్లజాతి విద్యార్థుల సంఖ్య మెల్లగా పెరిగినది. 1970 ఫిబ్రవరిలో ఒక సంగీతసభ యందు వారు వేదికపైకెక్కి తమ కోరికలను చాటగా 89 మంది అరెస్టయిరి, ఎనిమిది మందిని సంస్థ వెళ్లగొట్టెను. వారి కోరికలలో నల్లజాతి ఉపాధ్యాయులను నియమింపుడనునది యొకటి. ఈ విద్యార్థులకు క్షమాపణ చెప్పుటకు విశ్వవిద్యాలయమునకు ఏబది ఏండ్లు పట్టినది.

1982లో క్రొత్త మలుపు వచ్చినది. అమెరికా ఫుట్‌బాలు ఆటలో ప్రేక్షకులను ఉత్సాహపరచుటకు ఒక బృందముండును. ఆ బృందమున తొలి నల్లజాతి సభ్యుడైన జాన్ హాకిన్స్, జెండా నేను మోయనని చెప్పెను. ఆ చిన్న నిరాకరణము సంవత్సరమంతయు ఆవరణను కదిలించివేసినది. 1983 ఏప్రిలులో ఛాన్సలర్ పోర్టర్ ఫార్చ్యూన్, ఈ జెండా ఇక సంస్థకు అధికారచిహ్నము కాదని ప్రకటించెను. ప్రేక్షకులు మాత్రము తమ జెండాలను తామే తెచ్చుకొనిరి. భావప్రకటన స్వాతంత్ర్యము గల దేశమున వారిని ఆపుట యెట్లు? 1997లో ఛాన్సలర్ రాబర్ట్ కయాట్ కాలమున మార్గము దొరకినది. జెండాలను గూర్చి ఒక్కమాట లేదు. ప్రేక్షకుల క్షేమము కొరకు ఆటస్థలమునకు కర్రలు తేరాదని నియమము పెట్టిరి. గొడుగులు కూడ పోయినవి. వ్యాజ్యము నడచినను నియమము నిలిచినది. కర్ర లేని జెండాకు రెపరెప ఏమున్నది?

ఈ యుక్తిని చూచి మేము నవ్వుకొంటిమి గాని, పూర్తిగా మెచ్చుకొనలేకపోతిమి. జెండా తప్పని చెప్పలేక కర్ర తప్పని చెప్పిరి. ఆ మార్పునకు ప్రోద్బలమిచ్చినది న్యాయబుద్ధి యొక్కటే కాదు. జెండాను చూచి ప్రతిభగల నల్లజాతి ఆటగాండ్రు వేరు విశ్వవిద్యాలయములకు పోవుచుండిరి. ఓటములు పెరుగుచుండెను. ఆట గెలువవలెనను కోరిక, ధర్మోపదేశములు కదలింపలేనివారిని కదలించినది. అయినను తోటి మనుష్యుని బాధ ఏ త్రోవను కొంత తగ్గినను తగ్గినదేకదా యను వాదమును మేము త్రోసివేయజాలము.

అటుపిమ్మట చిహ్నములు ఒకటొకటిగా పోయినవి. 2003లో కర్నల్ రెబెల్ ఆటస్థలము నుండి తొలగెను. 2010లో ఎలుగుబంటి, 2017లో సొరచేప ఆ స్థానమునకు వచ్చినవి. వీనిని అభిమానులెంతగా ప్రేమించిరో చెప్పకుండుటే మేలు. డిక్సీ యను దక్షిణాది పాటను 2016లో బ్యాండువారు విడిచిరి. అంతకుముందే 2015 అక్టోబరులో విద్యార్థి సభ 33 వోట్లకు 15 వోట్లతో తీర్మానింపగా, మూలను కాన్ఫెడరేట్ గుర్తుగల రాష్ట్రపతాకమును ఆవరణనుండి దింపివేసిరి. రాష్ట్రమే ఆ పతాకమును మార్చుకొన్నది 2020లో.

2006లో లైసియం వెనుక మెరెడిత్ విగ్రహము నిలిచినది. స్వయముగా మెరెడిత్‌కు ఆ విగ్రహము నచ్చలేదు. 2014 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ విగ్రహము మెడకు ఎవరో ఉరిత్రాడు తగిలించి, కాన్ఫెడరేట్ చిహ్నముగల పాత జార్జియా పతాకమును కప్పిరి. ఈ కేసులో విద్యార్థులే పట్టుబడి, నేరము నంగీకరించిరి. మెరెడిత్ కుమారుడు జోసెఫ్ 2002లో ఇదే విశ్వవిద్యాలయమున వాణిజ్యశాఖలో డాక్టరేటు పొంది, ఆ యేటి ఉత్తమ పరిశోధక విద్యార్థిగా ఎన్నికయ్యెను. తన ప్రవేశముకంటె తన కుమారుని ఈ గౌరవమే తనకెక్కువ తృప్తినిచ్చినదని తండ్రి చెప్పుకొన్నాడు.

మిగిలినది రాతి సైనికుడు. 2016లో ఆ బొమ్మ చెంత దాని చరిత్రను వివరించు ఫలకము నాటిరి. బొమ్మను అచ్చటనే యుంచి మాటతో సరిదిద్దుట ఒక మార్గము. అది కొందరికి ఎక్కువైనది, కొందరికి చాలలేదు. 2019 ఫిబ్రవరిలో కాన్ఫెడరేట్ పక్షపు వారు బయటినుండి వచ్చి ఆవరణలో ఊరేగిరి. ఆనాడే బాస్కెట్‌బాల్ ఆటకు ముందు జాతీయగీత సమయమున ఎనిమిదిమంది ఆటగాండ్రు నిరసనగా మోకరిల్లిరి. మరునెలలో విద్యార్థి సభ 47 వోట్లతో, ఒక్క వోటైనను వ్యతిరేకముగా పడకుండ, బొమ్మను తరలింపుడని కోరినది. వోటు వేసినవారిలో అధికసంఖ్యాకులు తెల్లవారే. అనుమతులు తిరిగి తిరిగి, 2020 జూలై 14వ తేదీన సైనికుని ఊడదీసి, ఆవరణలోనే ఒక మూలనున్న కాన్ఫెడరేట్ సమాధిస్థలమునకు చేర్చిరి. యుద్ధవైద్యశాలలో మరణించిన వందలకొలది సైనికులు పేర్లు లేక అచ్చట పడియున్నారు. ఆ స్థలమును దీపములతోను, సమాధిఫలకములతోను అలంకరింపనున్నారని తెలియగా, ఇది తొలగించుటా, క్రొత్త గుడి కట్టుటాయని విద్యార్థులును ఉపాధ్యాయులును ఆక్షేపించిరి. సమాధిఫలకముల ఆలోచన విరమింపబడినది.

మిసిసిపీ ప్రజలలో మూడవవంతుకు మించినవారు నల్లజాతివారు. విశ్వవిద్యాలయ విద్యార్థులలో వారి పాలు అందులో సగమైనను లేదు. పాఠ్య వ్యవహారములలో పూర్తిపేరునే వాడుట మంచిదని 2014లో అధికారులు సలహా యిచ్చిరి. ఆటలజట్టు నేటికిని రెబెల్సే. ఆటనాడు వేలకొలది గొంతులు, తెల్లవారివియు నల్లవారివియు, ఒక్కటిగా కలిసి అరచు పేరును నేటికిని ఓల్ మిస్సే.