రబ్బరు గొట్టమునందలి నూలు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు పరిశ్రమలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్నాజ్ఞాపించిరి. వారికి నా కృతజ్ఞతాపూర్వక వందనములు. నేను చెప్పబోవు వస్తువు మిక్కిలి సామాన్యమైనది. అది రబ్బరు గొట్టము. ఇంతటి సభలో గొట్టములను గూర్చిన ఉపన్యాసమేమని కొందరు నవ్వుకొనవచ్చును. కాని మగ్గమును నమ్ముకొని తరతరములుగా బ్రతికిన మనకును ఈ వస్తువునకును దగ్గర చుట్టరికము కలదు. దానిని మీకు తెలుపుటయే నా యుద్దేశము.

మనము కూడిన యీ మదీనాగూడ మియాపూరునకును చందానగరునకును నడుమ ముంబయి బాటపై నున్నది. ఈ బాటను రామచంద్రపురము, పటాన్‌చెరువు, జహీరాబాదు దిశగా లారీలును బస్సులును రేయింబవళ్లు పోవుచుండును. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినప్పుడు వారికుండినవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. నేడీ యొక్క బాటపై ఒక్క పూట నడచు వాహనములను లెక్కించుటయే కష్టము. వీనిలో ఇంధనమును ఇంజనునకు చేర్చునది గొట్టము. ఇంజను వేడిని రేడియేటరునకు గొనిపోవునది గొట్టము. బ్రేకు బలమును చక్రమువరకు మోయునది గొట్టము. ఇంజను కంపించును; చక్రము ఎగసిపడును, ప్రక్కకు తిరుగును. కదలని దానిని కదలుదానితో కలుపవలెనన్న ఇనుప గొట్టము చాలదు. వంగియు విరుగని గొట్టము కావలెను.

పదునేడవ శతాబ్దిలో ఆమ్‌స్టర్‌డాము నగరమున మంటలార్పుటకు తోలుగొట్టములను వాడిరి. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి బిరుసెక్కును గనుక దానితో నమ్మకమైన గొట్టము చేయుట సాధ్యము కాకుండెను. 1839లో అమెరికాయందు చార్లెసు గుడ్‌యియరు రబ్బరునకు గంధకము కలిపి కాచిన నది స్థిరపడునని కనుగొనెను. నేటి గొట్టములన్నియు ఆ పాకము ఫలమే.

అయినను ఒక మాట విన్నవించెదను. గొట్టములోని ఒత్తిడిని మోయునది రబ్బరు కాదు, పోగు. గొట్టమునకు మూడు పొరలుండును. లోపలిపొర ద్రవమును బయటికి పోనీయదు. పైపొర ఎండ, దుమ్ము, రాపిడి తగులకుండ కాచును. నడిమిపొర పోగుల అల్లిక. బలమంతయు దానియందే యున్నది. ఆ అల్లిక లేని రబ్బరు గొట్టము కొద్దిపాటి ఒత్తిడికే బుడగవలె ఉబ్బి పగులును.

గొట్టముపై పోగు నల్లు యంత్రమును చూచినవారికి జడకోలాటము జ్ఞప్తికి రాక మానదు. కోలాటములో పైనుండి వ్రేలాడు త్రాళ్లను పట్టుకొని సగముమంది కుడిచుట్టుగను, సగముమంది ఎడమచుట్టుగను, ఒకరి వెలుపల నొకరు, లోపల నొకరు తప్పుకొనుచు తిరుగగా జడ యల్లుకొనును. యంత్రమునందు మనుష్యులకు బదులు కండెలు తిరుగును. నడుమ గొట్టము మెల్లగా ముందునకు సాగును. కండెల వేగమునకును గొట్టము సాగు వేగమునకును గల పొత్తును బట్టి పోగు వాలు ఏర్పడును. ఈ వాలునందే గొట్టపు రహస్యమున్నది. గొట్టములోని ఒత్తిడి నిడివి పొడుగున లాగుదానికి రెండింతలు చుట్టుకొలత వైపు లాగును. ఈ రెంటిని సమముగా మోయుటకు పోగు గొట్టపు నిడివితో సుమారు 54 డిగ్రీల 44 నిమిషముల కోణమున నుండవలెను. కోణము తగ్గిన, ఒత్తిడికి గొట్టము పొట్టియై లావగును. హెచ్చిన, పొడుగై సన్నబడును. ఏదైనను చివరనున్న బిగింపు సడలుటకు దారితీయును.

పడుగునకు గంజి పెట్టనిదే నేత సాగదని మన యిండ్ల పసిబిడ్డలకును తెలియును. గొట్టపు పోగునకును అట్టి పూత కలదు. రబ్బరుపాలతో నొక జాతి జిగురును కలిపి అందులో పోగును ముంచి ఆరబెట్టనిదే రబ్బరు దానిని పట్టుకొనదు. ఎక్కువ ఒత్తిడికి ఉక్కుతీగ నల్లునప్పుడు తీగకు ఇత్తడి పూత యిత్తురు. తొలుత నూలుపోగు, పిమ్మట రేయాను, పాలియెస్టరు, అరామిడు వచ్చినవి. పోగు మారినది గాని, పోగును సమముగా బిగించి, తెగకుండ, మెలిపడకుండ నడపు నేర్పు మారలేదు.

గొట్టమును రూపొందించువాడు అడుగవలసిన ప్రశ్నలైదు: లోపల ప్రవహించునదేది? ఒత్తిడి యెంత? వేడి యెంత? వంపును కదలికయు నెట్టివి? చివర బిగింపు ఎట్టిది? మొదటి ప్రశ్నకు తప్పుడు సమాధానము చెప్పినచో మిగిలినవన్నియు వ్యర్థము. ఖనిజతైలమునకు నైట్రైలు రబ్బరు తగును. రేడియేటరు నీటికిని, సాధారణముగా కార్లలో పోయు బ్రేకు ద్రవమునకును ఇ.పి.డి.ఎం. అను రబ్బరు తగును. అదియే ఖనిజతైలము తగిలిన ఉబ్బి మెత్తబడును. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు విక్రయము మొదలైనది. పాత వాహనములలో వాడిన కొన్ని రబ్బరు రకములు అట్టి పెట్రోలులో హెచ్చుగా ఉబ్బును. ఇంధనము మారినపుడు గొట్టమును మరల పరీక్షింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక ఒత్తిడి. లారీ గాలిబ్రేకులలో చదరపు సెంటీమీటరునకు ఎనిమిది, పది కిలోలుండును. మట్టి త్రవ్వు యంత్రముల నూనెగొట్టములలో 200 కిలోలు మించవచ్చును. అట్టి ఒత్తిడియందు 25 మిల్లీమీటర్ల లోవ్యాసముగల గొట్టపు చివరను సుమారు 980 కిలోల బలము వెలుపలికి నెట్టుచుండును. అందుచేత ఈ నూనెగొట్టములను పని ఒత్తిడికి నాలుగింతలకు గాని పగులకుండ కట్టుదురు. నమూనాలను లక్ష, రెండు లక్షల పర్యాయములు ఒత్తిడి నెక్కించి దింపి చూతురు.

ఇట్టి యంత్రములతో పనిచేయు మన బిడ్డలకు ఒక హెచ్చరిక. గొట్టము చెమర్చినపుడు చేతితో తడిమి చూడరాదు. సూదిబెజ్జమంత రంధ్రమునుండి వెడలు నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము చిన్నదిగా కనబడినను తత్‌క్షణము శస్త్రవైద్యునియొద్దకు పోవలెను. ఆలసించిన వ్రేలిని, చేతినే కోల్పోవచ్చును. యంత్రము నాపి, ఒత్తిడి దింపిన పిమ్మటనే గొట్టమును ముట్టవలెను. గృహిణులకును ఒక మనవి. వంటగ్యాసు గొట్టమును ఐదేండ్లకొకసారి తప్పక మార్చుడు. ముద్రించిన తేదీని చూచి, భారతీయ ప్రమాణముద్ర గలదానినే కొనుడు.

మహాజనులారా! 1998లో సైబరు టవర్సు వెలసిన నాటినుండి మన యువకులనేకు లిచ్చటికి వచ్చి గణకయంత్రముల విద్యతో జీవించుచున్నారు. అది సంతోషమే. గొట్టము వంగినపుడు పోగులపై పడు బలమును నేడు గణకయంత్రమే లెక్కకట్టుచున్నది. కాని మగ్గము మీద బ్రతుకు గడువదను నిరాశతో, పోగు విద్యయే కాలము చెల్లినదని మన పిల్లలు తలంచుచున్నారు. అది సరికాదు. టైరులో పోగున్నది, యంత్రపు బెల్టులో పోగున్నది, గొట్టములో పోగున్నది. 2020లో కేంద్రప్రభుత్వము సాంకేతిక వస్త్రములకై 1,480 కోట్ల రూపాయల పథకమును ప్రకటించుట ఈ సత్యమును గుర్తించియే.

కావున సంఘపోషకులకు నా విన్నపము. విద్యార్థినిధిలో కొంత భాగమును ఈ విద్యకై ప్రత్యేకింపుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సాంకేతిక కళాశాలలో వస్త్రశాస్త్రమును, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో రబ్బరు శాస్త్రమును నేర్వ గోరు మన బీదపిల్లలకు ఏటేట చేయూత నిండు. మన కర్మాగారముల యజమానులు డిప్లొమా చదివిన బాలబాలికలకు ఒక యేడు పని నేర్పుదురు గాక. తండ్రి మగ్గముపై నేర్చిన బిగువును బిడ్డ యంత్రముపై చూపగలిగిన నాడు మన కులవిద్య మరల అన్నము పెట్టును.