వార్డులో వినబడే ఇంగ్లీషు



బీదర్‌లో రోగి తన బాధ కన్నడంలోనో, ఉర్దూలోనో, మరాఠీలోనో, మన తెలుగులోనో చెబుతాడు. కేస్‌షీటు మాత్రం ఇంగ్లీషే. తెలుగు మీడియంలో చదివి నర్సింగ్‌కు వచ్చిన పిల్ల తడబడేది అక్కడే. ‘హైపో’ అంటే తక్కువ, ‘హైపర్’ అంటే ఎక్కువ. బీపీ చెప్పేటప్పుడు ఒకటి మరొకటిగా వినబడితే ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ 10 పక్కన యూనిట్లకు గుర్తుగా రాసిన ‘యు’ సున్నాలా కనబడితే 100 అయిపోతుంది!

ఆంకీ యాప్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం. నెట్ లేకున్నా పనిచేస్తుంది. మరచిన మాటను త్వరగా, వచ్చిన మాటను ఆలస్యంగా మళ్ళీ అడుగుతుంది. వార్డులో విన్న మాటలతో కార్డులు మీరే చేసుకోండి. ఉచ్చారణ సీనియర్ సిస్టర్‌ను అడిగి, ఆమె గొంతుతోనే రికార్డు చేసుకోండి. రోగి పేరు, ఫోటో మాత్రం ఎక్కించొద్దు.

ఫీజు తీసుకునే కాలేజీ, యాప్ ఉందిగా అని తప్పుకుంటే ఒప్పుకోకండి. ఇంగ్లీషు క్లాసు అడగడం మీ హక్కు.